ఉపాయమును అపాయమును: వ్యోమయాత్రలు నేర్పిన పాఠము

(సంఘ మందిరమున చదువబడిన ప్రసంగ పాఠము)



ఉపాయము లేనివానిని ఊరిలోనుండి వెడలగొట్టుమని మన పెద్దలు చెప్పిరి. తెలుగు మాటలాడు ప్రతి యింటను ఈ సామెతను ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మనవైపు చూచి అనియే యుందురు. ఊరిలోనున్నవానికే ఉపాయము ఇంత అవసరమైనచో, ఊరిని, నేలను, గాలిని సమస్తమును విడిచి ఆకాశమునకు పోయినవాని మాట యేమి? అచ్చట ఒక పరికరము చెడినచో కొని తెచ్చుటకు అంగడి లేదు. పిలుచుటకు పొరుగువాడు లేడు. తలుపు తెరచి బయటికి పరుగెత్తుటకు వీలు లేదు. చేతనున్న వస్తువులతోడనే ప్రాణములు దక్కించుకొనవలెను. అట్లు దక్కించుకొనినవారి వృత్తాంతములను నేడు మీకు విన్నవింపదలచితిమి.

విని ఆశ్చర్యపడుటకు మాత్రమే కాదు. ఉపాయములన్నియు ఒక్క జాతివి కావు. ఒకే యాత్రయందు ఒక ఉపాయము నౌకను పగులగొట్టినది. మరియొక ఉపాయము అందలి మనుష్యులను ఇల్లు చేర్చినది. ఆ రెంటికిని గల భేదమేమో తెలిసికొనుటయే మా ప్రసంగమున ముఖ్యోద్దేశము.

1970వ సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీన అమెరికా దేశమునుండి అపోలో 13 అను వ్యోమనౌక చంద్రునివైపు బయలుదేరినది. అందు జేమ్స్ లోవెల్, జాక్ స్విగర్ట్, ఫ్రెడ్ హైజ్ అను మువ్వురు వ్యోమగాములు ఉండిరి. స్విగర్ట్ స్థానమున మొదట పోవలసినవాడు కెన్ మాటింగ్లీ. సహచరుడొకనికి వచ్చిన జర్మన్ మీజిల్స్ అను అంటువ్యాధి ఇతనికిని సోకవచ్చునను అనుమానముచే, బయలుదేరుటకు కొలది దినముల ముందు అతనిని నిలిపివేసిరి. ఈ పేరును గుర్తుంచుకొనుడు. కథలో మరల వచ్చును.

ఆ వ్యోమనౌక నిజమునకు రెండు నౌకల జంట. ఒకటి ఓడిస్సీ అను మూలనౌక. భూమి వాతావరణములోనికి తిరిగి రాగలది అది యొక్కటియే. దాని వెనుక ప్రాణవాయువును, విద్యుత్తును సమకూర్చు యంత్రభాగము అమర్చబడియుండెను. రెండవది చంద్రునిపై దిగుటకైన చిన్న నౌక. దాని పేరు అక్వేరియస్, అనగా మన కుంభరాశి. ఇద్దరు మనుష్యులు సుమారు రెండు దినములు వసించుటకు తగినట్లు అది నిర్మింపబడినది.

బయలుదేరిన 56 గంటలకు, భూమికి సుమారు 3,30,000 కిలోమీటర్ల దూరమున, యంత్రభాగమునందలి రెండవ ప్రాణవాయువు తొట్టి ప్రేలినది. ఆ దెబ్బకు మొదటి తొట్టియు కారిపోసాగెను. ఆ నౌకలో విద్యుత్తును పుట్టించు సాధనములకు ఉదజనియు ప్రాణవాయువును ఆహారము. ఆ రెంటి కలయికచే విద్యుత్తు కలుగును, నీరును కలుగును. కావున ప్రాణవాయువు పోయినచో ఊపిరియు, దీపమును, త్రాగునీరును మూడును ఒక్కసారిగా పోయినట్లే.

మువ్వురును చిన్న నౌకలోనికి చేరిరి. ఉన్న కొద్ది విద్యుత్తును చివరి ఘడియలకై దాచిపెట్టి మూలనౌకను పూర్తిగా ఆర్పివేసిరి. ఇద్దరికి రెండు దినములకైన యింట ముగ్గురు సుమారు నాలుగు దినములు గడపవలసి వచ్చినది. ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. చిన్న నౌకను ఆపదలో ప్రాణరక్షకమైన పడవగా వాడవచ్చునను ఆలోచన ఆ రాత్రి పుట్టినది కాదు. అంతకు పూర్వమే ఇంజనీర్లు దానిని గూర్చి యోచించి యుండిరి. 1969 మార్చి నెలలో అపోలో 9 యాత్రయందు చిన్న నౌక యంత్రముతో రెండు నౌకలను కలిపి త్రోయుట పరీక్షించి చూచిరి. ఇది ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట కాదు. బావి ముందే త్రవ్వబడియున్నది. ఆ రాత్రి చేద వేసిరి, అంతియే.

చిన్న నౌకలో ప్రాణవాయువునకు కొరత లేదు. కొరత మరియొక చోట వచ్చినది. మనము విడుచు ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు ఉండును. మూసిన గదిలో అది పెరిగినకొలది తలనొప్పి, మత్తు, తుదకు మరణము కలుగును. దానిని పీల్చుకొనుటకు వ్యోమనౌకలలో లిథియం హైడ్రాక్సైడ్ అను ద్రవ్యము నింపిన డబ్బాలను వాడుదురు. చిన్న నౌకలోని డబ్బాలు ఇద్దరికి రెండు దినములకు సరిపోవునంతయే. మూలనౌకలో కొత్త డబ్బాలు కావలసినన్ని ఉండెను. కాని మూలనౌక డబ్బాలు నలుపలకలుగా ఉన్నవి. చిన్న నౌకలో వానిని ఇముడ్చు రంధ్రములు గుండ్రముగా ఉన్నవి. రెండు నౌకలను రెండు వేర్వేరు సంస్థలు నిర్మించినవి. ఒకదాని సరుకు ఒకనాడు రెండవదానికి కావలసివచ్చునని ఎవరును తలపలేదు.

హ్యూస్టన్ నగరమునందలి కేంద్రమున ఎడ్ స్మైలీ అను ఇంజనీరును అతని అనుచరులును ఈ చిక్కు విప్పుటకు కూర్చుండిరి. వారు మొదట అడిగిన ప్రశ్న ఏమి కావలెనని కాదు, నౌకలో ఏమున్నదని. నౌకలోనికి ఎక్కించిన ప్రతి వస్తువునకును పట్టిక యుండెను. ఆ పట్టికనుండియే వారు సామగ్రి ఏరిరి: వ్యోమగాముల దుస్తులకు గాలినందించు గొట్టములు, లోదుస్తులు చుట్టియుంచిన ప్లాస్టిక్ సంచులు, ప్రయాణ వివరముల పుస్తకమునకున్న అట్టలు, ఒక మేజోడు, బూడిదరంగు బంకటేపు. నలుపలక డబ్బాకు సంచి తొడిగి, సంచి లోనికి ముడుచుకొనకుండ అట్టను వంచి పైకప్పుగా నిలిపి, టేపుతో బిగించి, గొట్టమును సంధించిరి. గాలి ప్రక్కదారి పట్టకుండ డబ్బా అడుగుననున్న రంధ్రములో మేజోడు క్రుక్కిరి.

తయారు చేసినంతనే పైకి చెప్పివేయలేదు. అవే వస్తువులతో నేలమీద ఒక నమూనా చేసి, అది బొగ్గుపులుసు వాయువును పీల్చుచున్నదో లేదో పరీక్షించిరి. పీల్చునని తేలిన పిమ్మటనే జోసెఫ్ కెర్విన్ అను వైద్యుడు, తానును వ్యోమగామియే, రేడియోలో ఆ విధానమును చదివి వినిపించెను. పైవారికి బొమ్మ పంపుటకు సాధనము లేదు. మాటయొక్కటియే మార్గము. అందుచే ఏ అంచు ఎటు త్రిప్పవలెనో, టేపు జిగురువైపు లోనికా బయటికా అనునది సయితము విడమరచి చెప్పవలసి వచ్చెను. టేపు పొడవు చెప్పునపుడు మూడడుగులు, లేక చాచిన చేయి పొడవు అని చెప్పిరి. నౌకలో కొలబద్ద వెదకు పని తప్పినది. సుమారు గంటసేపటిలో మొదటి పెట్టె సిద్ధమయ్యెను. అంతవరకు పైకి ప్రాకుచుండిన వాయుమాపకపు ముల్లు త్వరలోనే దిగసాగెను.

మిగిలిన పనులును ఇట్టివే. పగిలిన నౌకనుండి చిమ్మిన తునకలు చుట్టును మెరయుచు వెంట రాగా, ఏది నక్షత్రమో ఏది తునకయో తెలియకపోయెను. అందుచే దిక్కు సరిచూచుకొనుటకు సూర్యుని ఆనవాలుగా పట్టిరి. దారి కొంచెము సవరింపవలసివచ్చినపుడు విద్యుత్తు మిగుల్చుటకై గణనయంత్రమును ఆర్పియుంచి, భూమిపై పగలును రాత్రియు కలియు గీతను కిటికీలో గురిగా నిలిపి, లోవెల్, హైజ్‌లు నౌకను పట్టుకొనగా, స్విగర్ట్ చేతి గడియారము చూచి 14 సెకండ్లు లెక్కించెను. లోపల చలి సుమారు 3 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగెను. నీరు యంత్రములను చల్లార్చుటకు కూడ కావలెను గనుక, మనిషికి రోజునకు 180 మిల్లీలీటర్లకు మించి త్రాగలేదు. అది మన యిండ్లలో ఒక చిన్న గ్లాసెడు.

చివరి పరీక్ష ఆర్పిన మూలనౌకను మరల వెలిగించుట. ప్రయాణ మధ్యమున దానిని పూర్తిగా ఆర్పి వెలిగించుటకు విధానమే లేదు. అట్టిది వ్రాయుటకు సామాన్యముగా నెలలు పట్టును. జాన్ ఆరన్ అను ఇంజనీరు మిగిలిన విద్యుత్తును కాసులవలె లెక్కించి, ఏ మీట ఏ మీట తరువాత వేయవలెనో తన తోడివారితో కలిసి మూడు దినములలో క్రమము కట్టెను. ఆ క్రమమును నేలమీది నమూనా నౌకలో కూర్చుండి ఒక్కొక్క మీటగా వేసి సరిచూచినవారిలో అంటువ్యాధి భయముచే యాత్ర తప్పిన ఆ కెన్ మాటింగ్లీ ఒకడు. ప్రయాణమునకు తగడని నిలిపివేయబడినవాడు ప్రయాణికుల రక్షణకే నిలిచినట్లయ్యెను. అతనికి జబ్బు రానేలేదు.

మూలనౌక లోపల గోడలన్నియు చెమర్చి నీటి బొట్లు నిలిచియుండెను. విద్యుత్తు వచ్చినంతనే తీగలు కలిసి అంటుకొనునేమోయని అందరును భయపడిరి. అట్లు కాలేదు. 1967 జనవరిలో నేలమీద పరీక్షా సమయమున మరియొక అపోలో నౌక కాలి మువ్వురు వ్యోమగాములు మరణించిరి. ఆ పిమ్మట తీగలకు రక్షణను ఎంతయో కట్టుదిట్టము చేసిరి. మూడేండ్ల వెనుక పోయినవారివలన నేర్చిన పాఠము ఈ మువ్వురిని కాచినది. 1970 ఏప్రిల్ 17వ తేదీన వారు దక్షిణ పసిఫిక్ సముద్రమున క్షేమముగా దిగిరి.

ఇంతవరకు మనకు సంతోషము కలిగించు కథ. ఇక తొట్టి ఏల ప్రేలినదో వినుడు. ఈ భాగము తక్కువమంది చెప్పుకొందురు. కాని పాఠమంతయు ఇందే కలదు.

యాత్రకు ముందు, మార్చి నెలలో, నేలమీద తొట్లను నింపి ఖాళీ చేయు పరీక్ష జరిగినది. మొదటి తొట్టి చక్కగా దిగినది. రెండవది దిగలేదు. ఆ తొట్టి 1968లో కర్మాగారమున సుమారు రెండంగుళముల ఎత్తునుండి జారిపడి యుండెను. లోపలి గొట్టము ఆనాడే వదులైయుండునని తరువాత విచారణ సంఘమువారు అభిప్రాయపడిరి. తొట్టిని మార్చవలెనన్నచో ప్రయాణము ఆలస్యమగును. కావున అక్కడివారు ఒక ఉపాయము పన్నిరి. తొట్టిలో వేడిమి కలిగించు తీగ యున్నది గదా, దానిని వెలిగించి ద్రవరూపమున నున్న ప్రాణవాయువును ఆవిరిగా మార్చి వెడలగొట్టుదమని తలచిరి. సుమారు ఎనిమిది గంటలు అట్లే వెలిగించి యుంచిరి. తొట్టి ఖాళీ అయినది. ఉపాయము ఫలించినదని అందరును అనుకొనిరి.

కాని ఆ తొట్టిలో వేడి మితిమీరినపుడు విద్యుత్తును తెంచు మీట యొకటి యుండెను. అది 28 వోల్టులకు తగినట్లు చేయబడినది. నేలమీద ఇచ్చినది 65 వోల్టులు. తెంచుకొనబోయిన మీట ఆ విద్యుత్తు ధాటికి కరగి అతుకుకొనిపోయినది. పిమ్మట వేడి అడ్డులేక పెరిగినది. 500 డిగ్రీల సెంటిగ్రేడు దాటియుండునని విచారణలో తేలినది. ఆ సమయమున అచ్చట వేడిని చూపు మాపకము లేకపోలేదు. కాని దాని ముల్లు 27 డిగ్రీలు, లేక దానికి కొంచెము పైన, ఆగిపోవును. అంతకు మించి చూపుటకు దానికి అంకెలే లేవు. చూచువారికి అంతయు క్షేమముగానే కనబడెను. లోపల తీగల పైపూత మాడి పెళుసెక్కినది. ఆ స్థితిలోనే తొట్టి ఆకాశమునకు పోయినది. 13వ తేదీ రాత్రి తొట్టిలోని వాయువును కలియబెట్టు విసనకఱ్ఱలను త్రిప్పగా, మాడిన తీగలనుండి నిప్పురవ్వ పుట్టినది.

చూచితిరా! ఖాళీ కాని తొట్టిని వేడిచేసి ఖాళీ చేయుట ఒక ఉపాయము. పొసగని డబ్బాను సంచితో, మేజోడుతో పొసగించుట మరియొక ఉపాయము. రెంటియందును బుద్ధిశాలులే పాల్గొనిరి. రెంటియందును చేతనున్న సాధనమును వేరొక పనికి వాడిరి. మొదటివారు పని జరిగినదా యని మాత్రము చూచిరి. రెండవవారు ఈ పని జరుగునపుడు ఇంకేమి జరుగునని కూడ చూచిరి.

పంచతంత్రములోని కొంగ కథ మీలో పెద్దలకు జ్ఞప్తియందుండును. పిల్లలను తినుచున్న పామును చంపించుటకై ఒక కొంగ ముంగిస కన్నమునుండి పాము పుట్టవరకు చేపలు పరచినది. ముంగిస చేపలను తినుచు వచ్చి పామును చంపినది. ఆపైన చెట్టెక్కి కొంగలను కూడ తినివేసినది. ఉపాయము తలచునపుడే దాని వెంట రాగల అపాయమును తలచుమని ఆ కథ నీతి. మార్చి నెలలోని ఉపాయమునకు ముంగిస వచ్చుట కొంత ఆలస్యమైనది, అంతియే.

అపాయమును ముందుగా తలచినవారి కథలును కలవు. 1973 మే 14వ తేదీన అమెరికావారు స్కైలాబ్ అను అంతరిక్ష నివాసమును పైకి పంపిరి. పోవుదారిలోనే దాని ఎండకవచము ఊడిపోయినది. సూర్యరశ్మినుండి విద్యుత్తు తీయు రెక్కలలో ఒకటి తెగిపోయినది. రెండవది ఒక లోహపు పట్టీకి చిక్కుకొని తెరచుకొనలేదు. లోపల వేడి 50 డిగ్రీలు దాటెను. జాక్ కింజ్లర్ అను ఇంజనీరు చేపలు పట్టు ముడుపుకఱ్ఱలను తెచ్చి, గొడుగువలె విచ్చుకొను పందిరి నమూనా చేసి చూపెను. మే నెల 26వ తేదీన వ్యోమగాములు చిన్న కిటికీగుండ దానిని బయటికి త్రోసి విప్పగా లోపల చల్లబడెను. జూన్ 7వ తేదీన పీట్ కాన్రాడ్‌తో కూడి బయటికి పోయి, చిక్కిన రెక్కను విడిపించినవాడు జోసెఫ్ కెర్వినే. మూడేండ్ల క్రితము ఇతరులకు సూచనలు చదివినవాడు ఇపుడు తాను సూచనలు విని చేసెను. ఆ పనిని సయితము ముందుగా నేలమీద పెద్ద నీటితొట్టిలో వేరొక వ్యోమగామి చేసి చూచియే యుండెను.

రెండవది సోవియట్ రష్యా వారి సాల్యూట్ 7. ఈ పేరు మనకు పరాయిది కాదు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో సుమారు ఎనిమిది దినములు వసించినది ఆ నివాసమునందే. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో అది మూగవోయినది. విద్యుత్తు లేదు, కబురు లేదు. లోపల నీరు గడ్డకట్టినది. 1985 జూన్ 6వ తేదీన వ్లదీమిర్ జానిబెకోవ్, విక్టర్ సవినిఖ్ అను ఇరువురు బయలుదేరి, రెండు దినములకు చేతితోడనే నడపి తమ నౌకను దానికి చేర్చిరి. ఉన్ని టోపీలు ధరించి, మంచు పేరిన గోడల నడుమ పనిచేసిరి. చల్లారిన బ్యాటరీలను సూర్యరశ్మి పలకలకు తీగలతో నేరుగా కలిపి, తాము వచ్చిన నౌక యంత్రములతో నివాసమంతటిని సూర్యునివైపు త్రిప్పి వానికి ప్రాణము పోసిరి.

ఇంతకంటె సులభమైన ఉపాయము వారి కన్నులయెదుటనే ఉన్నది. తాము వచ్చిన నౌకలో విద్యుత్తు కలదు. ఒక తీగతో దానిని నివాసమునకు ఇచ్చినచో చాలును. వారు అట్లు చేయలేదు. నివాసపు తీగలలో దోషముండినచో అది తమ నౌకకును పాకును. ఇల్లు చేరుటకున్న దారి అదియొక్కటియే. సులభమైన మార్గమును విడిచి కష్టమైన మార్గమును పట్టుటయే అచ్చట అసలైన ఉపాయము.

నిన్నమొన్నటి ఉదాహరణమును ఒకటి చెప్పి ముగింతుము. 2012 ఆగస్టులో అంతర్జాతీయ అంతరిక్ష నివాసమున ఒక విద్యుత్ పెట్టెను బిగించుటకు సునీతా విలియమ్స్, జపాను వ్యోమగామి అకిహికో హోషిదే బయటికి వెడలిరి. మరలో లోహపు పొడి చేరి అది బిగియలేదు. బలవంతము చేసి త్రిప్పియుండిన మర విరుగును. వారు ఆ పూటకు పెట్టెను త్రాళ్లతో కట్టి ఊరకుండి లోనికి వచ్చిరి. నేలమీదివారు ఆలోచించి పరీక్షించి చెప్పగా, పండ్లు తోముకొను కుంచెతో ఒక సాధనమును, విద్యుత్ తీగ పోగులతో మరియొకటియు చేసికొని, సెప్టెంబరు 5వ తేదీన మరల వెడలి, పొడిని తుడిచి పెట్టెను బిగించిరి. పండ్ల కుంచెను అందరును మెచ్చుకొనిరి. మొదటినాడు చేయి వెనుకకు తీసిన వివేకమును కూడ మెచ్చుకొనవలెనని మా అభిప్రాయము.

మహాశయులారా! మనలో ఎవరును చంద్రునికి పోవుటలేదు. కాని ఉపాయములు మన యిండ్లలో నిత్యము జరుగుచునే యున్నవి. పాత యిండ్లలో పింగాణీ ఫ్యూజులు ఇప్పటికిని కలవు. ఒక రాత్రి ఫ్యూజు పోవును; పిల్లవాడు చదువుకొనుచుండును; సరియైన సన్నతీగ దొరకదు. ఎవరో వచ్చి లావైన రాగితీగ చుట్టి పోవుదురు. దీపము వెలుగును. ఇల్లాలు సంతోషించును. ఆ ఫ్యూజు ఇక ఎన్నటికిని పోదు. పోవలసినపుడు పోవుటయే దాని పని గదా! ఆనాడు తొట్టిలోని మీట అతుకుకొనిపోయినదనుటకును, మన గోడమీద రాగితీగ చుట్టితిమనుటకును భేదమేమియు లేదు. రెండుచోట్లను తెంచవలసినది తెంచదు. వేడి గోడలోపల పెరుగును. పైకి దీపము మాత్రము చక్కగా వెలుగుచుండును.

కావున విద్యార్థులకు మా మనవి యిది. మీరు ఉపాయశాలులు కండు. ఇంటిలో ఏ వస్తువు ఎచ్చటనున్నదో ఎరుగుడు. సన్నతీగను, పట్టకారును, దీపమును ఫ్యూజు పోకముందే ఒకచోట ఉంచుడు. ఒక పనిని ఎదుటివాడు చూడకయే చేయగలుగునట్లు మాటతో చెప్పుట అలవరచుకొనుడు. ఏదేని ఉపాయము తోచినపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ సాధనము ఎంతవరకు ఓర్చుటకు చేయబడినది? నేను చూచుచున్న కొలత నిజమును చూపగలదా, లేక 27 దగ్గర ఆగిపోవునా? ఇది తప్పినచో నాకు మిగులు దారి యేది? ఈ మూటికి బదులు దొరికినచో ధైర్యముగా టేపు చుట్టుడు. దొరకనిచో ఆ రాత్రి కొవ్వొత్తి వెలిగించుకొని, తెల్లవారిన పిమ్మట సరియైన తీగ కొనితెండు. చీకటిలో ఒక రాత్రి గడుపుట కూడ ఉపాయమే.